కింది దవడ నాడి: పెదవి మొద్దుబారినా పన్ను నొప్పి ఎందుకు?

కింది పెదవి మొద్దుబారితే మత్తు సూది సరిగ్గా పడినట్టేనని దంతవైద్య విద్యార్థులు అనుకుంటారు. అది సగమే నిజం.

ముఖానికి స్పర్శనిచ్చే ఐదో కపాల నాడి మూడు శాఖల్లో మాండిబ్యులర్ నర్వ్ అన్నిటికంటే పెద్దది. నమిలే కండరాలను కదిలించే తంతువులున్నదీ ఇందులోనే. పుర్రె అడుగున ఫొరామెన్ ఒవేల్ అనే రంధ్రం నుంచి బయటపడి, కొద్ది దూరంలోనే ముందు, వెనక పాయలుగా చీలుతుంది. ముందుది కదలికకు, వెనకది స్పర్శకు అని బట్టీ పడతారు. చిక్కంతా మినహాయింపుల్లోనే.

ముందు పాయలోని ఏకైక స్పర్శ నాడి బక్కల్ నర్వ్. దవడపళ్ల బుగ్గవైపు చిగురు దీనిదే. పైనే విడిపోతుంది కాబట్టి, దవడ ఎముక లోపలివైపు రంధ్రం దగ్గర వేసే మామూలు సూదికి అందదు. పన్ను తీయాలంటే దీనికి వేరే సూది వేయాల్సిందే.

వెనక పాయలో కదలికనిచ్చేది మైలోహయాయిడ్ నర్వ్. ఇన్ఫీరియర్ ఆల్వియోలర్ నర్వ్ ఎముకలోకి దూరకముందే విడిపోతుంది. కొందరిలో ఇది పళ్లకూ స్పర్శనిస్తుంది. అప్పుడు పెదవి మొద్దుబారినా పన్ను నొప్పి పెడుతూనే ఉంటుంది. రోగి భయపడుతున్నాడని సరిపెట్టుకోవడం తప్పు. ఆస్ట్రేలియా దంతవైద్యుడు గౌ గేట్స్ 1973లో వివరించిన పద్ధతిలో మందును పైన, కాండైల్ మెడ దగ్గర వదులుతారు. శాఖలు చాలావరకు ఒకేసారి మొద్దుబారతాయి.

అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనది నాలుకకు వెళ్లే లింగ్వల్ నర్వ్. జ్ఞానదంతం లోపలివైపు, చాలామందిలో పలుచని పొర కిందే ఉంటుంది. రుచి తెలిపే కార్డా టింపనీ తంతువులూ దీనిలోనే కలుస్తాయి. ఇది తెగితే ఆ వైపు నాలుక ముందుభాగంలో స్పర్శా, రుచీ రెండూ పోతాయి. ఎక్స్‌రేలో దవడ ఎముకలోని కాలువ కనిపిస్తుంది. ఈ నాడి కనిపించదు.