‘ఇది’, ‘అది’ యంత్రానికి ఎలా తెలిశాయి?

చిరాగ్‌పల్లి దగ్గర ముంబై హైవే పక్కన ఒకరు ‘‘ఈ మూట ఆ బండిల పెట్టు’’ అంటే ఏ మూట, ఏ బండి అని ఎవరూ అడగరు. చూపు, చెయ్యి చెప్పేస్తాయి. సరిహద్దు దాటి కర్ణాటకలోకి వెళ్లినా కన్నడంలో ఇవే ‘ఈ’, ‘ఆ’. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) ఆ, ఈ, ఏలను ‘త్రికం’ అంటుంది. ఈ చిన్న మాటలు దేన్ని చూపుతున్నాయో కంప్యూటర్‌కు నేర్పడానికి పరిశోధకులు దశాబ్దాలు శ్రమించారు.

1970 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీలో టెర్రీ వినోగ్రాడ్ తయారుచేసిన ష్రడ్లూ అనే ప్రోగ్రామ్, తెర మీది రంగు దిమ్మెల గురించి మాట్లాడేది. ‘దాన్ని’ అంటే అంతకుముందు చెప్పిన వాటిలో ఏ దిమ్మో వెతుక్కునేది. 1978లో పరిశోధకుడు జెర్రీ హాబ్స్, సర్వనామం దేన్ని చూపుతుందో తేల్చడానికి వాక్య నిర్మాణంలో ఏ వరుసలో వెతకాలో సూత్రీకరించారు. మూడు రకాల రచనల నుంచి తీసిన 300 సర్వనామాలలో 88.3 శాతానికి ఈ పద్ధతి సరైన జవాబు ఇచ్చింది. 1980లో రిచర్డ్ బోల్ట్, ఎంఐటీలోనే, మాటకు చేతిని జోడించారు: ‘అది అక్కడ పెట్టు’ అంటూ చూపిస్తే తెర మీది బొమ్మ అక్కడికి కదిలేది.

అయితే ‘అది’ ఎప్పుడూ వస్తువే కాదు. ‘‘వాన పడ్డది, చెరకు లారీ ఆగింది. దానివల్లే ఆలస్యమైంది’’ అంటే జరిగిన సంగతంతా ‘దాని’లో ఇమిడిపోయింది. ఇలాంటి వాడకాన్ని పరిశోధకురాలు బోనీ వెబర్ 1980ల చివర్లో లోతుగా పరిశీలించారు. 2017లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన కెంటన్ లీ బృందం, ఒకే దాన్ని సూచించే మాటలను కలపడానికి, చేత్తో రాసిన నియమాల బదులు, గుర్తులు పెట్టిన పాఠాల నుంచే నేర్చుకునే నాడీజాల (న్యూరల్ నెట్‌వర్క్) పద్ధతి తెచ్చింది.

ఆ పాఠాలే తెలుగుకు కొరత. ‘‘లక్ష్మి బర్రెను చెరువుకాడికి తోలుకపోయింది. నీళ్లు తాగింది’’ అనే మాట చూడండి. రెండో వాక్యంలో కర్తే లేదు. ‘తాగింది’ ఆడమనిషికీ బర్రెకూ ఒకటే. ఇంగ్లిష్‌లో సర్వనామం ఇచ్చే ఆధారం ఇక్కడ దొరకదు. 2011లో కంప్యూటర్‌తో భాషను విశ్లేషించే పరిశోధకుల ఐకాన్ సదస్సు, సర్వనామాలు దేన్ని చూపుతాయో తేల్చడంపై భారతీయ భాషలకు పోటీ పెట్టినప్పుడు హిందీ, బెంగాలీ, తమిళం ఉన్నాయి, తెలుగు లేదు.

మనం రోజూ మాట్లాడే తీరులోని వాక్యాలను పోగుచేసి, ప్రతి ‘అది’ దేనిదో గుర్తు పెట్టే పని తెలుగు తెలిసినవాళ్లే చేయాలి. అప్పుడే యంత్రం మన మాటను మన లెక్కలో అర్థం చేసుకుంటుంది.