మార్లవాయి బడి

ఒకప్పుడు మా కరీంనగరం ఉద్యోగస్తుల ఇళ్ళల్లో “ఆదిలాబాదు బదిలీ” అన్న మాట వినిపిస్తే చాలు, వంటింట్లో పొయ్యి మీద పాలు పొంగిపోయినా పట్టించుకునేవాళ్ళు ఉండరు. దోమలు, చలిజ్వరం, అడవి, దారీ తెన్నూ లేని ఊళ్ళు! గోదావరికి ఇవతల మేము, అవతల వాళ్ళు. ధర్మపురి దాటి రాయపట్నం వంతెన ఎక్కితే అవతల ఒడ్డు లక్సెట్టిపేట వైపు. అంత దగ్గర. అయినా ఆ అడవిలో ఎవరున్నారో, ఏ భాష మాట్లాడుకుంటారో కనుక్కుందామన్న కుతూహలం మాలో చాలామందికి కలగనే లేదు. బదిలీ ఎలా తప్పించుకోవాలన్నదే ధ్యాస.

ఈ ముచ్చట ఇప్పుడెందుకంటే, ఈ మధ్య ‘ఫెలోషిప్’ అన్న మాట తరచు వినిపిస్తోంది. తగవులతో చీలిపోయిన సమాజాల్లో తెగకొకరిని, మతానికొకరిని, చురుకైన యువతీయువకుల్ని ఎంపికచేసి, ఒకచోట కూచోబెట్టి, కొన్నాళ్ళు కలిసి చదివించి, రేపటి నాయకులుగా ఎవరి ఊరికి వాళ్ళని పంపిస్తారట. మంచి ఆలోచనే. కానీ మరీ కొత్తదేం కాదు. ఆ ఆదిలాబాదు అడవి నడుమ, మార్లవాయి అనే గోండు గూడెంలో, 1943లోనే దీనికి దగ్గరి ప్రయత్నం ఒకటి జరిగింది. దానికి ఫెలోషిప్ అని పేరు పెట్టలేదు. బడి అన్నారు, అంతే.

జన్నారం అడవి దాటి, ఉట్నూరు మీదుగా జైనూరు వైపు వెళ్తే మార్లవాయి వస్తుంది. 2016లో జిల్లాలు విడగొట్టాక అది కుమురం భీము ఆసిఫాబాదు జిల్లాలో చేరింది. అసలు ఆ బడి పుట్టడానికి కారణం కూడా ఆ భీమే.

తగవు మొదలైంది ఒక గీత దగ్గర. నిజాం ప్రభుత్వపు అడవిశాఖ వాళ్ళు రిజర్వు అడవి అని గీత గీసి, లోపల పడ్డ పొలాలు ఖాళీ చెయ్యమన్నారు. బాబేఝరిలో గుడిసెలకి నిప్పుపెట్టారు. తాతల నాటినుంచి దున్నుకుంటున్న నేల తమదేనని గోండుల నమ్మకం. కాగితం మీద మాత్రం అది వాళ్ళది కాదు. ఆ కాగితం వాళ్ళకి చదవ రాదు. అర్జీలు పెట్టి, తిరిగి తిరిగి, చివరికి భీము ఎదురు తిరిగాడు. 1940లో జోడేఘాట్ కొండల్లో పోలీసుల తుపాకులకి బలయ్యాడు. ఇప్పటికీ ఆశ్వయుజ పున్నమికి అక్కడ ఆయన్ని తలుచుకుంటారు.

తిరుగుబాటు అణిగింది కానీ ప్రభుత్వానికి గుబులు పోలేదు. వీళ్ళకి వచ్చిన కష్టమేమిటో కనుక్కోమని ఒక పండితుణ్ణి పంపింది. ఆయన పేరు పలకాలంటే మనకి కాస్త నోరు తిరగాలి: క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్. 1909లో వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. 1938లో హిట్లరు ఆస్ట్రియాని కలిపేసుకోవడంతో ఆయన చేతిలోకి వచ్చింది జర్మనీ పాస్‌పోర్టు. 1939లో యుద్ధం మొదలయ్యేసరికి ఇంగ్లీషు ప్రభుత్వం లెక్కలో ఆయన శత్రుదేశస్థుడైపోయాడు. హైదరాబాదు సంస్థానం దాటి పోవద్దని కట్టడి చేశారు. ఆయనకి అది శిక్షే అయినా గోండులకి మాత్రం కలిసొచ్చింది. ఆయనా, భార్య బెట్టీ మార్లవాయిలో గడ్డికప్పు ఇంట్లో కాపురం పెట్టారు.

హైమండార్ఫ్ తన నివేదికల్లో చెప్పింది చాలా సాదా మాట. వీళ్ళకి భూమి మీద పట్టా కావాలి, ఆ పట్టా చదివే కళ్ళు కావాలి. ఒకటిచ్చి ఒకటి ఇవ్వకపోతే రెండూ దండగే.

అయితే చదువు చెప్పేదెవరు? పట్నంనుంచి పంతుళ్ళని తెద్దామంటే వాళ్ళు అడవికి రారు. వచ్చినా నిలవరు. నిలిచినా వాళ్ళ మాట పిల్లలకి అర్థం కాదు. గోండుల్లో చూద్దామంటే అక్షరం వచ్చినవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. చివరికి అంతంతమాత్రం మరాఠీ చదివిన కొద్దిమంది యువకుల్నే పోగుచేసి మార్లవాయిలో శిక్షణ కేంద్రం తెరిచారు. మొదట వాళ్ళకే సరిగ్గా చదవడం నేర్పి, వాళ్ళ చేతే మిగతావాళ్ళకి నేర్పించాలన్నమాట. గోండి మాటల్ని దేవనాగరి అక్షరాల్లో రాసి వాచకాలు తయారుచేశారు. ముందు ఇంటి భాష, తరవాత ఆ ప్రాంతంలో చెల్లే మరాఠీ, ఆ పైన కచేరీ భాష ఉర్దూ. మన అమ్మమ్మలు పిల్లలకి పప్పన్నం పెట్టి, పెరుగన్నం పెట్టి, ఆ తరవాతే కారం రుచి చూపించినట్టు.

అక్కడ తయారైన కుర్రాళ్ళు ఊరూరా బడులు పెట్టారు. కొందరు పట్వారీలయ్యారు. కొందరు అడవిశాఖలోనే గార్డులయ్యారు. నిన్నటిదాకా ఏ గార్డుని చూస్తే ఊరంతా తలుపులు మూసుకునేదో, ఆ కొలువులో ఇప్పుడు తమ మేనమామ కొడుకు కనిపిస్తే ఆ ఊరికి ఎంత ధైర్యమో ఆలోచించండి. నాయకుడంటే వేదికెక్కి గొంతు చించుకునేవాడనే మనం అనుకుంటాం. అక్కడ నాయకుడంటే కాగితం చేతికి తీసుకుని, “దీంట్లో రాసిందిదీ, మీరు వేలిముద్ర వెయ్యకండి” అని చెప్పగలిగినవాడు.

ఈ మాట విలువ మగవాళ్ళకంటే మనకే బాగా తెలుస్తుంది. బ్యాంకు కాగితమో, ఇన్సూరెన్సు కాగితమో, ఇంటి రిజిస్ట్రీయో ముందు పెట్టి “ఇక్కడ సంతకం పెట్టు” అంటే చదవకుండా పెట్టిన వాళ్ళం మనలో ఎంతమందిమి లేము? చదువుకున్న ఇళ్ళల్లోనే ఇలా ఉంటే, ఉర్దూలో రాసిన పట్టా కాగితం ముందు గోండు రైతు సంగతేమిటి?

చదువుతోపాటు భూమి సంగతీ కొంత నడిచింది. ఆ దశాబ్దంలో ఆదిలాబాదు గిరిజనులు 11,000 మందికి పైగా దాదాపు లక్షా అరవై వేల ఎకరాలకు పట్టాలు పొందారు. 1356 ఫసలీలో, అంటే 1946 ప్రాంతంలో, గిరిజన ప్రాంతాల రెగ్యులేషను వచ్చింది. గిరిజనుల భూమి ఇతరుల చేతుల్లోకి పోకుండా అడ్డుకట్ట అది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. నిజాం ప్రభుత్వానికి ఉన్నట్టుండి దయ పుట్టుకొచ్చిందని నేననను. ఇంకో భీము లేవకూడదన్న భయమే అసలు కారణం. భయంతో పెట్టినా బడి బడే. అక్షరం వచ్చిన వాడి నోరు మళ్ళీ మూయించడం ఎవరి తరమూ కాదు.

మరి అంత మంచి ప్రయత్నం ఏమైంది? 1948లో పోలీసు చర్యతో నిజాం పాలన పోయింది. హైమండార్ఫ్ 1949లో లండను విశ్వవిద్యాలయంలో ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. గోండి వాచకాలు మూలపడ్డాయి. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కచేరీ భాష తెలుగు వైపు మళ్ళింది. మరాఠీ, ఉర్దూ కష్టపడి నేర్చుకున్న మనిషి, కొత్త ఆఫీసరు ముందు మళ్ళీ మొదటి తరగతి పిల్లవాడైపోయాడు. రోడ్లు పడ్డాక మహారాష్ట్రనుంచీ, మైదానాలనుంచీ జనం వచ్చి అడవిలో స్థిరపడ్డారు. అందులో మా కరీంనగరం వైపు వాళ్ళూ ఉన్నారు. అడ్డుకట్ట చట్టం పుస్తకంలో ఉంది కానీ భూములు మాత్రం చేతులు మారుతూనే వచ్చాయి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల సభ మీద పోలీసు కాల్పులు జరిగాయి. చనిపోయింది 13 మంది అని సర్కారు లెక్క. అంతకంటే చాలా ఎక్కువని అక్కడివాళ్ళ మాట.

తరవాత చీలికలు ఇంకా పెరిగాయి. 1976 చట్టంతో తెలంగాణ లంబాడాలకి షెడ్యూల్డు తెగల హోదా వచ్చింది. తమ వాటా తగ్గిపోయిందని గోండులు, కోలాములు అంటారు. మా పేదరికం మాత్రం పేదరికం కాదా అని లంబాడాలు అంటారు. 2017 డిసెంబరులో ఉట్నూరు ప్రాంతంలో ఆ మాటలు కొట్లాటదాకా వెళ్ళాయి. 2024 సెప్టెంబరులో మార్లవాయి పక్కనే ఉన్న జైనూరులో ఒక గిరిజన మహిళ మీద జరిగిన దాడి తరవాత, అది రెండు మతాల గొడవగా మారి, ఇళ్ళూ దుకాణాలూ కాలి, కర్ఫ్యూ పెట్టవలసి వచ్చింది. ఒకే సంతలో ఉప్పూ పప్పూ కొనుక్కునే మనుషులే వాళ్ళంతా.

ఇవన్నీ తలుచుకుంటే ఆ బడిలో ఒక్క లోటు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది నాకు. నేర్చుకున్నదంతా ఒక్క వైపు వాళ్ళే.

కొత్త కోడలి సంగతి చూడండి. అత్తవారింట్లో పప్పులో పులుపెంత, మామగారికి చాయ్ ఎప్పుడు, ఏ పండగకి ఏ పిండివంట, అన్నీ ఆమే నేర్చుకోవాలి. ఆ ఇంటివాళ్ళు ఆమె పుట్టింటి పద్ధతి ఒక్కటి నేర్చుకున్న పాపాన పోరు. ఇద్దరూ కలిసి ఉండాలంటే పాఠం మాత్రం ఒక్కరే చదవాలన్నమాట! గోండుదీ అదే కథ. మరాఠీ నేర్చుకో, ఉర్దూ నేర్చుకో, ఇప్పుడు తెలుగు నేర్చుకో, రేపు ఇంగ్లీషు నేర్చుకో. అవతలివాళ్ళు ఒక్క గోండి మాట నేర్చుకోవాలన్న నియమం మాత్రం ఏ ప్రభుత్వమూ గట్టిగా పెట్టలేదు.

ఆ అడవిలోనే చూస్తే, అక్కడివాళ్ళకి ఒకరి అవసరం ఒకరికి ఉందని ఎప్పుడో తెలుసు. గోండుల వంశకథలు పాడేది గోండులు కాదు. కింగిరీ పట్టుకుని ప్రధానులు పాడాలి. ఆ ప్రధానుల ఇంటి భాష మరాఠీ. ఊరి దేవతకి పూజ చెయ్యాలంటే చాలాచోట్ల కోలాము పూజారి రావాలి. ఆయన ఇంట్లో కోలామి. ఇన్ని భాషలు ఒక పండగలో ఇమిడిపోయాయి. మైదానంనుంచి వచ్చిన మనమే ఆ పందిట్లో చోటు వెతుక్కోలేదు.

నేర్చుకున్నవాళ్ళు అసలే లేరా అంటే, ఉన్నారు. సేతుమాధవరావు పగడి అని, తరవాత మరాఠీ చరిత్రకారుడిగా పేరు తెచ్చుకున్న ఆయన, 1940లలో ఆదిలాబాదులో గిరిజనుల పని చూసిన సంస్థానపు అధికారి. ఆయన గోండి నేర్చుకుని, ఆ భాషకి వ్యాకరణమే రాశాడు. ఆయనకి కుదిరింది మిగతా ఆఫీసర్లకి ఎందుకు కుదరలేదో!

బెట్టీ సంగతి కూడా చెప్పాలి. భర్త పరిశోధనలన్నిటిలోనూ ఆవిడ చెయ్యి ఉంది. లండను వెళ్ళిపోయినా మార్లవాయికి వస్తూ పోతూనే ఉన్నారు. 1987 జనవరి 11న హైదరాబాదులో ఆవిడ కన్నుమూస్తే, మార్లవాయికి తీసుకెళ్ళి అక్కడి మట్టిలోనే పెట్టారు. 1995లో లండనులో పోయిన హైమండార్ఫ్ అస్థికలు 2012లో తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. ఏటా జనవరి 11న గోండులు ఆ సమాధుల దగ్గరికి వస్తారు. మాట నేర్చుకుని, పక్కన కూచున్న మనిషి ఏ దేశంవారైనా వాళ్ళు మరిచిపోరు. ఆ ఊరివాడే గుస్సాడి నాట్యగురువు కనకరాజు. 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కాలం చేశాడు. ఆయన ఆట ఢిల్లీదాకా వెళ్ళింది. కానీ ఆయన ఇంటి భాష గోదావరి దాటి మా ఊరిదాకా ఇంకా రాలేదు.

చిత్రమేమిటంటే ఆ భాష మనకి పరాయిది కాదు. ద్రావిడ భాషల్లో తెలుగూ గోండీ ఒకే కొమ్మవని భద్రిరాజు కృష్ణమూర్తిగారి వంటి భాషావేత్తలు తేల్చారు. అంటే తమిళం, కన్నడం కంటే గోండే మనకి దగ్గరి చుట్టం. తోడబుట్టిన చెల్లెలు ఏటికి అవతల ఒడ్డున ఉంటే, మనం మాత్రం బదిలీ తప్పించుకోవడానికి అర్జీలు రాసుకుంటూ కూచున్నాం. 1943లో గోండికి అరువు లిపి వెతుక్కున్నారు. నార్నూరు దగ్గర గుంజాలలో ఆ భాషకి సొంత లిపే ఉంది, రాతప్రతులతో సహా. అది 2018లో యూనికోడులో చేరింది. ఇప్పుడు సెల్‌ఫోను కూడా ఆ అక్షరాలు చూపిస్తుంది. సెల్‌ఫోనుకి వచ్చింది మనకి రాకూడదా?

అందుకని, రేపు ఎవరైనా మా వైపు ఫెలోషిప్ పెడితే, గోండు పిల్లతోపాటు లంబాడా పిల్లనీ, కోలాము కుర్రాణ్ణీ, జైనూరు ముస్లిం కుర్రాణ్ణీ, కరీంనగరం ఉద్యోగస్తుల పిల్లనీ ఒకే బల్లమీద కూచోబెట్టమంటాను. మొదటి నెల ఉపన్యాసాలు వద్దు. పక్కవాళ్ళ భాషలో నీళ్ళు అడగడం నేర్పితే చాలు. గోండిలో నీళ్ళని ‘ఏర్’ అంటారు. వినగానే మన ఏరు గుర్తుకు రావడం లేదూ?