యీషింగ్ మట్టికూజాలు

కుండ పగిలి మట్టిలో కలియును. దానిని చేసిన కుమ్మరి పేరు అంతకుముందే మరపున పడును. లోకమున సర్వత్ర జరుగునది ఇదియే. ఇందుకు భిన్నముగ, కుమ్మరుల పేళ్లు కవుల పేళ్లవలె నిలిచిన సీమ యొకటి చీనాదేశమున కలదు. అది జియాంగ్సు రాష్ట్రమున, తాయ్‌హు సరస్సునకు పడమటనున్న యీషింగ్. గాజుపూత యెరుగని అచ్చటి మట్టి తేనీటి కూజాలు జగద్విఖ్యాతములు.

ఆ కూజాల పుట్టుకకు ఒక రాజశాసనము దారి చూపినది. సాంగు వంశీయుల కాలమున (960–1279) తేయాకును బిళ్లలుగ అదిమి, పొడిచేసి, గిన్నెలోని వేడినీటిలో చిలికి త్రాగెడివారు. ఆకు నానుటకు వేరొక పాత్రతో పనిలేదు. మింగు వంశ స్థాపకుడగు హాంగ్‌వూ చక్రవర్తి, బిళ్లల తయారీ ప్రజలకు మిక్కిలి శ్రమకరమని యెంచి, ఇకమీదట విడి ఆకునే కప్పముగ చెల్లింపవలసినదని 1391లో శాసించెను. విడి ఆకు వాడుక పెరిగిన కొలది, దానిని వేడినీట నాననిచ్చి వంచుకొనుటకు మూతయు, కొమ్మును, పిడియు గల చిన్న పాత్ర అవసరమయ్యెను.

అట్టి కూజాను తొలుత కళగ తీర్చినవాడు గాంగ్ చున్ అను సేవకుడని ప్రతీతి. జెంగ్డే చక్రవర్తి కాలమున (1506–1521) అతని యజమాని జిన్షా దేవాలయమున చదువుకొనుచుండగా, అచ్చటి వృద్ధ భిక్షువు కూజాలు చేయు తీరును సేవకుడు చాటుగ గమనించి నేర్చెనట. అతని కూజాలపై వేలిముద్రలు కానవచ్చెడివని చెప్పుదురు. కథ యెట్లున్నను, నాంజింగ్ చెంత 1533 నాటి సమాధిలో యీషింగ్ మట్టికూజా లభించుటచే, ఆ కాలమునకే ఈ కళ వెలసియుండుట నిశ్చయము.

యీషింగ్ మన్నును 'జిషా' అందురు. ఊదారంగు ఇసుక యని అర్థము. ఇది కొండలనుండి రాతిగడ్డలుగ లభించును. దానిని ఎండకు వానకు విడిచి, నూరి, నీటితో కలిపి మర్దింతురు. మేలి కూజాను సారెపై చేయరు. మట్టిని చెక్కతో బిళ్లగ సాగగొట్టి, గుండ్రముగ చుట్టి, తట్టి తట్టి రూపు తెత్తురు. కాలిన పిదప గోడలలో సూక్ష్మరంధ్రములు మిగులును. పూత లేనందున మన్ను తేనీటి వాసనను పట్టుకొనును. కనుకనే రసికులు ఒక కూజాను ఒకేజాతి తేయాకునకు కేటాయింతురు.

రూపములు ప్రధానముగ నాలుగు తెగలు: గుండ్రనివి, పలకలవి, గుమ్మడివలె చారలు తీరినవి, వెదురు, పూవు, చెట్టుబొడిపె మున్నగు ప్రకృతి రూపములు. 'షుయ్‌పింగ్' అను చిన్న కూజాలో కొమ్ము కొనయు, నోటి అంచును, పిడి పైభాగమును ఒకే మట్టమున నుండును. కొమ్ము నోటికంటె తగ్గినచో కూజా నిండకమునుపే నీరు కారిపోవును. అందము ఇచ్చట అవసరమునుండియే పుట్టినది.

మింగు వంశపు చివరి దినములలో షి దాబిన్ తన కూజాలపై తన పేరు చెక్కెను. పిదప చెన్ హాంగ్‌షౌ (1768–1822) అను అధికారి, కవి, కూజాలకు నమూనాలు కల్పించి యాంగ్ పెంగ్నియన్ అను కుమ్మరిచే చేయించెను. ఆ కూజాల అడుగున అధికారి ముద్ర, పిడిక్రింద కుమ్మరి ముద్ర కానవచ్చును. విద్యావంతుడును శ్రమజీవియు ఒకే పాత్రపై పేళ్లు పంచుకొనిరి.

గాంగ్ చున్ చేతివని చెప్పబడు కూజాల విషయమున పండితులకు ఏకాభిప్రాయము లేదు. అతని మట్టి నిలిచెనో లేదో తెలియదు గాని పేరు మాత్రము నిలిచినది. 1640 ప్రాంతమున జౌ గావోచి అను పండితుడు యీషింగ్ కూజాలను గూర్చి గ్రంథము వ్రాసి, సేవకుని మొదలు తన నాటి పనివారి వరకు పేరుపేరున నమోదు చేసెను. కూజా పగిలినను, గ్రంథము దానిని చేసిన చేతిని కాపాడినది. ఏ గ్రామమునకైనను గ్రంథాలయము చేయదగిన మేలు ఇంతకంటె వేరేమున్నది?