కృతజ్ఞతా పదాలు

మేలు పొందినవారు ఆ సంగతిని గుర్తించి పలికే మాటలు. ఒక్కో భాష ఈ మాటను ఒక్కో భావం నుంచి తెచ్చుకుంది. ఇంగ్లిష్ ‘థాంక్స్’, ఆలోచించడం అనే అర్థమున్న ‘థింక్’ ఒకే మూలానివి. ఫ్రెంచి ‘మెర్సీ’ వెనుక కూలి, ప్రతిఫలం అనే లాటిన్ మాట ఉంది. తమిళ ‘నన్ఱి’ మంచితనం నుంచి వచ్చింది.

పోర్చుగీసు ‘ఒబ్రిగాదు’కు కట్టుబడినవాణ్ణి అని అర్థం, స్త్రీలు ‘ఒబ్రిగాద’ అంటారు. జపనీయుల ‘అరిగతో’ దీని నుంచే పుట్టిందని చాలామంది నమ్ముతారు. అది పొరపాటు. పోర్చుగీసువారు జపాన్ చేరింది 1543లో. ‘అరిగతో’కు మూలమైన ‘అరిగతషి’ అంతకు ఎన్నో శతాబ్దాల ముందే జపనీయ సాహిత్యంలో ఉంది. ‘అరి’ అంటే ఉండటం, ‘కతషి’ అంటే కష్టం. ఉండటమే కష్టమైనది, అంటే అరుదైనది. దొరికిన మేలు ఎంత అపురూపమో చెప్పే ఇంత అందమైన మాటలు తక్కువ.

తెలుగులో ‘కృతజ్ఞత’ సంస్కృతం: చేసిన మేలును ఎరిగి ఉండటం. ‘ధన్యవాదాలు’ కూడా సంస్కృతమే. హైదరాబాదులో వినిపించే ‘శుక్రియా’ అరబ్బీ ‘షుక్ర్’ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. ప్రేమ, ఆప్యాయత అనే అర్థమున్న అచ్చతెలుగు ‘నెనరు’ను బహువచనం చేసి ‘నెనరులు’ అని కొందరు ఇటీవల వాడుతున్నారు.

ఊళ్లలో ఈ మాటల పని దీవెన చేస్తుంది. ఎండన పడి వచ్చిన ముసలమ్మకు చెంబెడు నీళ్లిస్తే, తాగి, మూతి తుడుచుకుని, “నీ కడుపు చల్లగుండ నాయనా” అంటుంది.