పచ్చబొట్టు – దాని పూర్వచరిత్రయు, లోకుల మాటయు

ఇట్టి సంచికలయందు విద్యాభివృద్ధినిగూర్చియు, విద్యార్థి వసతిగృహములనుగూర్చియు, వివాహవ్యయములనుగూర్చియు వ్రాయుట వాడుక. వానినడుమ పచ్చబొట్టువంటి స్వల్పవిషయమునకు చోటేల యని కొంద ఱడుగవచ్చును. అందులకు కారణము కలదు. కొంతకాలము క్రిందట మే మొక పెండ్లిమాటలకు పెద్దలుగా పోయియుంటిమి. గోత్రము, చదువు, ఉద్యోగము అన్నియు కుదిరినవి. కన్య మంచినీళ్లు తెచ్చి యిచ్చునపుడు ఆమె మణికట్టుపై చిన్న పక్షిరూపము పచ్చగా కనబడెను. మఱునాడు వరునివారు ఆ సంబంధము వలదని కబురంపిరి. కారణ మరయుటకై వారి యింటికి పోతిమి. “ఒంటిమీద బొమ్మ పొడిపించుకొన్న పిల్ల మా యింట నిలుచునా?” యని గృహస్థుడు పలికెను. ఆయన ఆ మాట పలుకుచుండగా, ఆయన తల్లి వీథియరుగుమీదనే కూర్చుండియుండెను. ఆ వృద్ధురాలి రెండు ముంజేతులును మోచేతులదాక పచ్చబొట్లతో నిండియుండెను!

తల్లి చేతిమీద పెద్దఱికముగా నున్నది, కోడలు కాదగిన పిల్ల చేతిమీద తప్పెట్లయ్యెను? ఈ ప్రశ్నయే యీ వ్యాసమునకు మూలము.

మనుష్యుడు తన చర్మమును పొడిపించుకొనుట నేటి మాట కాదు. 1991లో ఆల్ప్సు పర్వతములపై మంచులో నొక పురుషుని కళేబరము దొరకెను. అతడు మరణించి యించుమించు 5300 సంవత్సరములైనదని పండితులు నిర్ణయించిరి. అతని దేహముపై 61 పచ్చగీతలు లెక్కకు వచ్చినవి. వానిలో పెక్కు నడుమునను, మోకాళ్లకడను, చీలమండలకడను ఉన్నవి. ఆ స్థానములయందే అతని యెముకలు అరిగియుండుటచే, అవి అలంకారముగాక నొప్పికి చికిత్సగా పొడిపించుకొన్నవై యుండునని పలువురి యూహ.

క్రీస్తునకు పూర్వము 5వ శతాబ్దిలో గ్రీకు చరిత్రకారుడగు హెరోడోటసు, థ్రేసు దేశీయులలో పచ్చబొట్టు కులీనతకు గుఱుతనియు, అది లేనివారు హీనులుగా నెంచబడుదురనియు వ్రాసెను. ఆ గ్రీకులే తమ బానిసలకును, నేరస్థులకును ఆ గుఱుతును శిక్షగా వేయుచుండిరి. రోమనులును అట్లే చేసిరి. 316లో కాన్స్టంటైను చక్రవర్తి, దైవరూపమును పోలిన ముఖమును చెఱుపరాదనుచు, నేరస్థుల ముఖముపై గుఱుతులు వేయుటను నిషేధించెను. జపానులో 1720లో పచ్చబొట్టు నేరమునకు దండనగా విధింపబడెను. 1872లో ప్రభుత్వము దానిని అనాగరికమని పూర్తిగా నిషేధించెను. 1948లో ఆ నిషేధము తొలగెను. ఇరుగుపొరుగు దేశములలో ఒకటే సూది, ఒకటే మసి. ఒకచోట గౌరవము, వేఱొకచోట అవమానము. కావున గౌరవముగాని అవమానముగాని మసిలో లేదనియు, చూచువారి కన్నులలో నున్నదనియు తెలియుచున్నది.

ఇక మన దేశపు వాడుకను విచారింతము. తెలుగునాట గ్రామగ్రామమునకు పచ్చబొట్లు పొడిచినవారిలో ఎఱుకల స్త్రీలు ముఖ్యులు. గంప నెత్తిన బెట్టుకొని, సోది చెప్పుచు, ఎఱుకలసాని వీథిలోనికి వచ్చినదనగా ఆడువారందఱు అరుగులపై చేరెడివారు. దీపపు మసిని ఆకుపసరుతో నూఱి, కొన్ని సూదులను కట్టగా గట్టి, ముందు చర్మముపై రూపము గీచి, పిదప సూదులతో పొడిచి, మీద పసుపు పూయుట వారి పద్ధతి. చుక్కలు, తేలు, పువ్వు, చేప, చక్రము, పేరులోని యక్షరములు మొదలగునవి వారు పొడుచు రూపములు. కూలి ధాన్యమో, పాతచీరయో. ఆదిలాబాదు ప్రాంతమున రాజగోండులకు తోటివారు వంశగాయకులు. పురుషులు కిక్రి యను తంత్రీవాద్యమును మ్రోయించుచు గోండుల పూర్వగాథలను పాడుదురు; స్త్రీలు గోండు స్త్రీలకు పచ్చబొట్లు పొడుచుదురు. ఒక్క కుటుంబముననే భర్త జాతి గాథను నోటను, భార్య జాతి గుఱుతును సూదిమొనను నిలిపిరన్నమాట.

ఈ గుఱుతు ఏల చెఱగదో యిప్పటి శాస్త్రము చెప్పుచున్నది. చర్మపు పైపొర రాలుచు క్రొత్తదగుచుండును. మసి దాని క్రిందిపొరలో నిలుచును. అచ్చటి దేహరక్షకకణములు మసిరేణువులను మ్రింగి పట్టియుంచును. ఒక కణము చచ్చినపుడు, అది విడిచిన రేణువులను క్రొత్తగా వచ్చిన కణము మరల మ్రింగుచున్నదని 2018లో ఫ్రాన్సుదేశపు శాస్త్రజ్ఞులు ఎలుకలపై పరీక్షించి కనుగొనిరి. నల్లని మసియైనను చర్మము మాటునుండి నీలముగను, పచ్చగను తోచును, పేరునకు తగినట్లే.

మన పూర్వస్త్రీలు ఇంత నొప్పి నేల యోర్చిరి? మొదటిది, ఇది బీదరాలి నగ. బంగారము తాకట్టుపడును, దొంగలపాలగును, కఱవులో అమ్ముడుపోవును. పచ్చబొట్టును షాహుకారు జప్తు చేయలేడు. రెండవది, చచ్చినపుడు ఒంటిమీది సొమ్మంతయు తీసివేయుదురు. ఇదియొక్కటే వెంట వచ్చునని గోండులు మొదలగు పెక్కు జాతుల విశ్వాసము. మూడవది, కీళ్లనొప్పులకు మందని పొడిపించుకొనుట. నాలుగవది ప్రేమ. భర్త పేరు నోట పలుకరాదను కట్టుబాటున్న దినములలో, చదువురాని యిల్లాలు ఆ పేరును తాను చదువలేని యక్షరములలో చేతిపై పొడిపించుకొనెను. నోరు పలుకరాని దానిని చేయి పలికెను.

అయితే పచ్చబొట్టు చరిత్రలో చీకటి భాగము నొకటి కలదు. దానిని దాచుట సత్యమునకు ద్రోహము. వంగరాజ్యమున కుంఫిణీ ప్రభుత్వము 1797లో చేసిన శాసనముచే యావజ్జీవశిక్ష పడినవారి నుదుటిపై వారి పేరును, నేరమును, శిక్షా వివరమును పొడిపింపసాగిరి. దీనిని గోద్నా యనిరి. ఖైదీలు దానిని తలపాగాక్రింద దాచుకొనెడివారు. ఈ క్రూరపద్ధతి 1849లో రద్దయ్యెను. 1941 మొదలు ఆష్విట్జు బందీశిబిరమున నాజీలు ఖైదీల దేహములపై సంఖ్యలు పొడిచిరి. 1947లో దేశవిభజన సమయమున అపహరింపబడిన స్త్రీల దేహములపై దుండగులు బలవంతముగా వ్రాతలు పొడిచిరి. 1993లో అమృతసరమున నలుగురు స్త్రీల నుదుటిపై జేబుదొంగ యను మాటను పోలీసులు పొడిపించిరి. ఆ పోలీసులకు న్యాయస్థానమున శిక్ష పడునప్పటికి 2016 వచ్చెను.

ఇచ్చట నొక విపరీతమును గమనింపవలెను. మన అవ్వల చేతులపై పువ్వులు పొడిచిన ఎఱుకలవారినే ప్రభుత్వము నేరస్థజాతుల పట్టికలో వ్రాసెను. 1871లో పుట్టిన ఆ చట్టము, 1911 శాసనముమూలమున చెన్నరాజధానికిని వ్యాపించి, 1952 వఱకు సాగెను. వారి నుదుట సూది గ్రుచ్చలేదు గాని, పుట్టిన ప్రతి శిశువుపైనను కాగితముపై ముద్రపడెను. చర్మముపై పొడిచినదానికంటె పరుల మనస్సులో పొడిచినది చెఱుపుట కష్టము. చట్టము పోయి డెబ్బది యేండ్లు దాటినను ఆ అనుమానము పూర్తిగా పోలేదు.

కావున భేదమంతయు నొక్కచోటనే యున్నది: ఎవరి యిచ్ఛచే ఆ గుఱుతు పడినది? ఈ భేదమును అందఱికంటె చక్కగా తెలిపినవారు మన పొరుగుననున్న ఛత్తీసుగఢపు రామనామీలు. 19వ శతాబ్ది చివర, చర్మకారకులమున జన్మించిన పరశురాముడను నాతడు ఆ పంథను స్థాపించెను. వారికి దేవాలయప్రవేశము లేదు. దేవుని పేరు తలచుటకును అర్హులు కారని పైకులములవారి మాట. అంతట వారు రామనామమును నుదుటను, బుగ్గలపైనను, కొందఱు ఆపాదమస్తకమును పొడిపించుకొనిరి. గుడిలోనికి రానీయని లోకమునకు తమ దేహమునే గుడిచేసి చూపిరి. లోకుల అభిప్రాయము లెక్కింపదగినదా యను ప్రశ్నకు ఇంతకంటె గొప్ప ప్రత్యుత్తరము మే మెఱుగము. నేడు వారి యువకులలో పెక్కురు పట్టణములలో ఉద్యోగములకు అడ్డగునని దేహమంతయు పొడిపించుకొనుట లేదు. దానిని తప్పనుటకు మన మెవ్వరము?

మన యిండ్లలో ఈ యాచారము ఎట్లు తగ్గెనో చెప్పుటకు మా తప్పు నొకదానిని ఒప్పుకొనవలసియున్నది. మేము పట్టణమున చదువుకొను దినములలో, మా యింట వివాహము జరిగెను. మాతో చదువుకొను మిత్రులు వచ్చిరి. ఛాయాచిత్రము తీయుటకు అందఱు వరుసగా నిలిచినపుడు, మేము మా నాయనమ్మకడకు పోయి, “చేతులమీద కొంగు కప్పుకొనవే” యని చెవిలో చెప్పితిమి. ఆమె మాఱుమాటాడక కప్పుకొనెను. ఆ చిత్ర మిప్పటికిని మా గోడపై నున్నది. అందులో మా నాయనమ్మ ముఖము కలదు, చేతులు లేవు. మమ్ము ఎత్తుకొని పెంచిన చేతు లవి. ఆ చేతులపై నున్న పువ్వు ఏ పువ్వో, తేలు తోక ఏ వైపునకు తిరిగియుండెనో ఇప్పుడు చెప్పుమన్న చెప్పలేము. పరులు నవ్వుదురను భయముచే మేము పోగొట్టుకొన్న దది.

నేటి కాలమున చక్రము తిరిగినది. 1891లో న్యూయార్కున విద్యుత్తుచే పొడుచు యంత్రమునకు పేటెంటు లభించెను. ఇప్పు డట్టి యంత్రములు హైదరాబాదున, విజయవాడలో, విశాఖపట్టణమున అంగళ్లలో మ్రోగుచున్నవి. పచ్చబొట్టు టాటూ యను పేరుతో తిరిగి వచ్చినది. ఆ మాట తాహితి ద్వీపవాసుల భాషలోనిది; 1769లో అచ్చటికి పోయిన కుక్కు అను నావికుడు దానిని ఆంగ్లభాషకు తెచ్చెను. నాడు చదువుకొన్న మనుమలు అవ్వల చేతులు చూచి సిగ్గుపడిరి. నేడు ఆ మనుమలే తాతలై తమ మనుమల చేతులు చూచి సిగ్గుపడుచున్నారు. రెండుమాఱులును సిగ్గు మనదే, చేయి వారిది.

అట్లని పెద్దల మాట కేవలము వ్యర్థమని మేము చెప్పము. లోకులు పలుగాకులన్న సామెత గలదు. కాని ఆ కాకులలో కొన్ని మన మేలుకోరియే కూయును. ఒకరికి పొడిచిన సూది శుద్ధిచేయక మఱియొకరికి పొడిచినచో రక్తముద్వారా కామెర్ల వ్యాధులు సంక్రమించును. పొడిపించుకొన్నవారినుండి కొంతకాలము రక్తదానము స్వీకరింపరు. భారతసైన్యమున చేరగోరువారికి ముంజేతి లోపలివైపునను, అరచేతి వెనుకను మాత్రమే పచ్చబొట్టున కనుమతి. గిరిజనులకు వారి యాచారము ననుసరించి సడలింపు కలదు. లేజరు కిరణములచే చెఱిపించుకొనవచ్చును గాని, అది పలుమాఱులు పోవలసిన పని, నొప్పియు వ్యయమును కలది. పదునాఱేండ్ల వయస్సున నిశ్చయించిన పేరు ముప్పదియేండ్లకు మనసున నుండకపోవచ్చును. ఈ సంగతులను పిల్లలకు ముందుగా చెప్పుట పెద్దల ధర్మము. చెప్పిన పిదప వారు వయస్సు వచ్చి, యోచించి చేసికొన్నదానిని పట్టుకొని వారి శీలమునకు వెలకట్టుట మాత్రము అధర్మము. సలహా వేఱు, తీర్పు వేఱు. మొదటిది బంధువు పని. రెండవది గోద్నా వేసినవాని పని.

సభ్యులకు మా విన్నపములు రెండు. మొదటిది, సంబంధములు చూచుకొనునపుడు పిల్ల చేతిమీది గుఱుతు నెంచకుడు. ఆ చేతి పనితనమును, మనసు మంచితనమును ఎంచుడు. రెండవది, మీ యిండ్లలో పచ్చబొట్లుగల వృద్ధస్త్రీలు ఇంకను కొందఱు మిగిలియుందురు. ఈ సభనుండి యింటికి పోయినపుడు వారి చెంత కూర్చుండి, ఏ యూరి జాతరలో, ఎన్నవ యేట, ఎవరిచే పొడిపించుకొనిరో అడిగి వ్రాసికొనుడు. ఆ రూపములను కాగితముమీద గీచికొనుడు. వారి యనుమతితో ఆ చేతుల ఛాయాచిత్రములు తీయించుడు. ఈ మాఱు కొంగు కప్పవలదని చెప్పుడు.

మేము మా నాయనమ్మకు చెప్పవలసిన మాట అది. ఆమె లేదు కనుక మీకు చెప్పుచున్నాము.