కారు లేని కొండదారి: మన్యంలో రోగి ప్రయాణ చరిత్ర



మీ కారు మరమ్మతుకు వెళ్లిన రోజును ఒకసారి గుర్తు చేసుకోండి. విడిభాగం ఇంకా రాలేదు, రేపు రమ్మంటాడు మెకానిక్. మీరు విసుక్కుంటూనే ఆటో ఎక్కుతారు, లేదా బస్సు కోసం ఎదురుచూస్తారు. పనులు ఆలస్యమవుతాయి గాని ప్రాణానికి ముప్పు రాదు. బండి అందకపోవడమే ప్రాణం మీదికి తెచ్చే ప్రాంతం విశాఖపట్నానికి నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనే ఉన్నది. శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా అరకులోయకు మీలో చాలామంది వెళ్లే ఉంటారు. ఆ ఘాట్ రోడ్డు నుంచి కనబడే కొండల వెనుక, నేటికీ చక్రం చేరని గూడేలు ఉన్నాయి. అక్కడి రోగి ఆసుపత్రికి ఎలా చేరుతూ వచ్చాడన్నదే ఈ వ్యాస విషయం. ఇది చరిత్రే అయినా, వైద్యునిగా నా దృష్టిలో ఇది ఆరోగ్య విషయమే.

మోటారు రాకముందు మన్యంలో ప్రయాణమంటే కాలిబాట. సరుకుకు కావడి, కొన్నిచోట్ల గుర్రం. నడవలేని మనిషికి డోలీ. దృఢమైన కర్రకు దుప్పటినో చీరనో ఉయ్యాలలా కట్టి, ఇద్దరు ముందువెనుకలుగా భుజాన మోస్తారు. దూరం ఎక్కువైతే మరో ఇద్దరు వెంట నడిచి భుజం మార్చుకుంటారు. ఊరంతా కలిసి చేసే ఈ పనికి కూలి ఉండదు. ఈనాడు మోసినవాడిని రేపు ఇంకొకరు మోస్తారు. మన్యం మొట్టమొదటి అంబులెన్సు వ్యవస్థ అదే.

ఇక రోడ్ల సంగతి చూద్దాం. 1839లో చేసిన చట్టంతో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను కంపెనీ ప్రభుత్వం సాధారణ చట్టాల పరిధి నుంచి తప్పించి, కలెక్టరును ఏజెంటుగా నియమించి అతని పాలన కిందికి తెచ్చింది. ‘ఏజెన్సీ’ అన్న మాట అలా పుట్టినదే. ఆ తరువాత కొండల్లో రోడ్లు వేయించినది ప్రధానంగా అధికారులు, పోలీసులు తిరగడానికి, అటవీ సంపద దిగడానికి. వాటిని వేసిన చేతులు గిరిజనులవి. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి బలవంతంగా మనుషులను తోలి, న్యాయమైన కూలి ఇవ్వకపోవడం 1922 నాటి మన్యం పితూరీకి కారణాలలో ఒకటి. పోడు వ్యవసాయంపై అటవీ చట్టాల ఆంక్షలు మరొకటి. ఆ ఏడాది ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు అనుచరులు చింతపల్లి పోలీసు స్టేషనుపై దాడి చేశారు. ఒక రోడ్డు జనానికి మేలు చేయక భారమైతే ఏమవుతుందో చెప్పడానికి మన చరిత్రలో ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణ లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక, 1960లలో కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం వచ్చింది. దాదాపు 445 కిలోమీటర్ల పొడవున, యాభైకి పైగా సొరంగాలతో కొండలను తొలిచి వేసిన ఆ మార్గం ఇంజనీరింగు ఘనతే. అరకు సమీపంలోని శిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్నది. అయితే ఆ మార్గాన్ని వేసినది బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపానుకు చేర్చడానికి. ప్రయాణికుల రైలు వల్ల మార్గం పక్కనున్న ఊళ్లకు మేలు కలిగిన మాట నిజమే. కొండపై గూడెంలోని రోగికి మాత్రం స్టేషను దాకా డోలీయే గతి.

ఊళ్లకు రోడ్లు వేయడమే లక్ష్యంగా 2000 డిసెంబరు 25న ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలైంది. మైదానంలో 500, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 జనాభా ఉన్న ఆవాసాలకు రోడ్డు అన్నది నియమం. మన కొండల మీద పది, ఇరవై ఇళ్ల గూడేలు ఎన్నో ఉన్నాయి. అవి ఆ లెక్కకు అందలేదు. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 సేవ మొదలై లక్షల ప్రాణాలు కాపాడింది. కాని ఆ వాహనం రోడ్డు ఉన్నంతవరకే పోగలదు. ఇరుకు దారుల కోసం 2018లో గిరిజన ప్రాంతాలకు ఫీడర్ అంబులెన్సులు, అంటే పక్కన పడక అమర్చిన మోటారు సైకిళ్లు వచ్చాయి. 2023లో వచ్చిన పీఎం జన్‌మన్ పథకం ఆదిమ తెగల ఆవాసాలకు జనాభా పరిమితిని 100కు తగ్గించింది. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగూడ మండలం పెదపాడులో ‘అడవితల్లి బాట’ పనులకు శంకుస్థాపన జరిగింది. రోగి కోసం దారి అన్న ఆలోచన ఎంత ఆలస్యంగా వచ్చిందో ఈ తేదీలే చెబుతాయి.

వైద్యంలో ఈ ఆలస్యానికి లెక్క ఉన్నది. థాడియస్, మెయిన్ అనే పరిశోధకులు 1994లో మాతృమరణాల వెనుక మూడు జాప్యాలను గుర్తించారు: వెళ్లాలని నిర్ణయించుకోవడంలో, ఆసుపత్రికి చేరడంలో, చేరాక చికిత్స అందడంలో. కాన్పు తరువాత తీవ్ర రక్తస్రావం మొదలైతే, చికిత్స లేనిదే రెండు గంటల్లో ప్రాణం పోవచ్చు. కొండ దిగడానికే మూడు గంటలు పట్టే గూడెంలో ఆ తల్లి పరిస్థితి ఏమిటో మీరే ఊహించండి. అందుకే అక్కడ దారి కూడా ఒక మందే.

దారి వచ్చేలోగా చేయగలిగినవి ఉన్నాయి. మీరు మన్యంలో ఉపాధ్యాయులో, ఉద్యోగులో అయితే ఈ మాటలు నలుగురికీ చెప్పండి.

గర్భిణిని నొప్పులు వచ్చేదాకా ఆపకండి. కాన్పు తేదీకి ముందే ఆసుపత్రికి దగ్గరగా చేర్చండి. సాలూరులో 2018లో గిరిజన గర్భిణుల కోసం ప్రారంభించిన వసతి గృహం ఈ ఆలోచనతో వచ్చినదే. డోలీలో నెలలు నిండిన గర్భిణిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. స్పృహ లేనివారిని పక్కకే తిప్పి ఉంచండి; నోట నీళ్లు పోయకండి. పాము కరిచినవారిని నడిపించకండి. కరిచిన కాలు కదలకుండా కర్ర ఆసరాతో కట్టి, డోలీలోనే మోయడం సరైన పద్ధతి. తాడుతో బిగించి కట్టడం, గాటు పెట్టడం వద్దు. సిగ్నలు ఎక్కడ అందుతుందో ముందే తెలుసుకొని, ఒకరిని అక్కడికి పరుగున పంపి 108కి చెప్పించండి. డోలీ రోడ్డుకు చేరేసరికి వాహనం సిద్ధంగా ఉంటుంది.

ఈసారి మీరు అరకు వెళ్లినప్పుడు ఘాట్ రోడ్డుపై డోలీ ఎదురైతే, ఫొటో కోసం కాదు, రోగి కోసం కారు ఆపండి. మీ కారులో చోటు ఉంటే ఇవ్వండి. మరమ్మతులో ఉన్న కారు రేపో మాపో తిరిగి వస్తుంది. రక్తం కోల్పోతున్న తల్లికి ఆ వ్యవధి లేదు.