గూఢచారి చిత్రములు – అభిమానుల కత్తెర

శ్రోతలారా! ఒకరు కట్టి ముగించిన యింటిని మరియొకరు సవరింపవచ్చునా? సవరించినచో నే నియమము ననుసరింపవలెను? ఇండ్ల విషయమున నీ ప్రశ్నకు సమాధానము సులభమే. కావ్యముల విషయమునను, చలనచిత్రముల విషయమునను అంత సులభము కాదు. పాత గూఢచారి చిత్రములను అభిమానులు తమ యిండ్లలో మరల కత్తిరించి, క్రొత్త వరుసలో కూర్చుకొనుచున్న కాలమిది. ఆ పనికిగల పూర్వచరిత్రను చెప్పి, దానిని తూచుటకు మన జనగామ సీమలోనే యున్న యొక తూనికరాతిని చూపుట నేటి ప్రసంగోద్దేశము.

గూఢచారి మనకు క్రొత్తవాడు కాడు. సన్న్యాసి వేషమునను, కాపువాని వేషమునను, వర్తకుని వేషమునను తిరుగు చారులను గూర్చి కౌటిల్యుని యర్థశాస్త్రము విపులముగ చెప్పుచున్నది. తెరమీద మాత్రము వాని కీర్తి 1962వ సంవత్సరమున హెచ్చినది. ఆ యేట ఇయాన్ ఫ్లెమింగు నవల ననుసరించి తీసిన ‘డాక్టర్ నో’ అను ఆంగ్లచిత్రముతో జేమ్సు బాండు లోకప్రసిద్ధు డయ్యెను. నాలుగేండ్లకు, 1966లో, తెలుగున ‘గూఢచారి 116’ వెలువడినది. దానికి దర్శకుడు ఎం. మల్లికార్జునరావు, నాయికానాయకులు జయలలిత, కృష్ణ. జనగామనుండియు రఘునాథపల్లినుండియు వచ్చిన పెద్దలు కొందరు దానిని చూచియే యుందురు. మరుసటి యేట అదే కథ ‘ఫర్జ్’ అను పేర జితేంద్ర నాయకుడుగా హిందీలో తీయబడినది.

తిరిగి తీయుట వేరు. తీసినదానినే తిరిగి కూర్చుట వేరు. ఈ భేదము గ్రహించుటకు చిత్రనిర్మాణమున నొక మర్మము తెలియవలెను. చలనచిత్రము చూచువారికి ఏకధారగ తోచును గాని, నిజమున కది వందలకొలది తునకలు అతికిన మాల. వేయి అడుగుల ఫిలిము చుట్ట సుమారు 11 నిమిషము లాడును. ఏ తునక ముందు రావలెను, ఏది వెనుక రావలెను, ఏది యెంతసేపు నిలువవలెను అని నిర్ణయించు పనికే మన చిత్రముల పేర్లపట్టికలో ‘కూర్పు’ అని పేరు. ఒక మనుష్యుని ముఖము చూపి, వెంటనే పామును చూపినచో ఆ ముఖమున భయము కనబడును. అదే ముఖము చూపి, వెంటనే పసిబిడ్డను చూపినచో వాత్సల్యము కనబడును. ముఖము మారలేదు, వరుస మారినది.

పల్లెల డేరా సినిమాలలో ఈ కత్తెర అవసరముచే పని చేసెడిది. తెగిన ఫిలిమును ఆపరేటరు కత్తిరించి, జిగురుతో అతికి, ఆట సాగించెడివాడు. ఊరూరు తిరిగి యరిగిన ప్రతిలో పాట కురుచయై, పోరాటము ముక్కలయ్యెడిది. అది దోషము కాదు, దారిద్ర్యము. బుద్ధిపూర్వకముగ చేసిన పునఃకూర్పుల చరిత్ర వేరు.

1924వ సంవత్సరమున మాస్కో నగరమున ఎస్ఫిర్ షూబ్ అను స్త్రీ, ఫ్రిట్జ్ లాంగ్ తీసిన ‘డాక్టర్ మబూస్’ అను జర్మను చిత్రమును సోవియెట్ ప్రేక్షకులకొరకు తిరిగి కూర్చినది. వేషములు మార్చుచు నగరమును మోసగించు దుష్టుని కథ యది. తరువాతి గూఢచారి చిత్రములలోని ప్రతినాయకులకు మూలపురుషుడనదగినవాడు మబూస్. ఆమెకు ఆ పనిలో తోడు నిలిచిన యువకుడు సెర్గీ ఐసెన్‌స్టైన్. మరుసటి యేటనే ‘బ్యాటిల్‌షిప్ పొటెంకిన్’ నిర్మించి జగద్విఖ్యాతుడైన శిల్పి యతడే. పరుల కూర్పును విప్పి కట్టుట ఆతనికి పాఠశాల యైనది.

1936లో న్యూయార్కున జోసెఫ్ కార్నెల్ అను కళాకారుడు ‘ఈస్ట్ ఆఫ్ బోర్నియో’ అను 1931 నాటి చిత్రపు ప్రతిని సంపాదించి, కథనంతయు త్రోసివేసి, తన కభిమానపాత్రయైన నటి రోజ్ హోబర్టు కనబడు తునకలను ప్రధానముగ గ్రహించి, సుమారు 19 నిమిషముల చిత్రము చేసెను. అభిమాని చేసిన కూర్పులకు దీనిని ఆదిగ నెన్నవచ్చును.

ఇక గూఢచారి చిత్రముల మాట. మన ‘గూఢచారి 116’ వెలువడిన 1966లోనే అమెరికాలో వుడీ ఆలెన్ ఒక జపాను గూఢచారి చిత్రమును తీసికొని, సన్నివేశముల వరుస మార్చి, అసలు సంభాషణలు తొలగించి, తాను వ్రాయించిన హాస్యసంభాషణలు తగిలించెను. తత్ఫలితముగ ఆ చారులందరు కోడిగ్రుడ్లతో చేయు నొక వంటకపు రహస్యమునకై ప్రాణములు పణముగ పెట్టి పోరాడుచున్నట్లయినది! నటులు వారే, పరుగులు అవియే. అర్థము మాత్రము తలక్రిందులు.

కంప్యూటరు గృహోపకరణమైన పిమ్మట ఈ పని సామాన్యుల చేతికి వచ్చెను. 1983లో షాన్ కానరీ నటించిన ‘నెవర్ సే నెవర్ అగైన్’ అను బాండు చిత్రము వేరొక నిర్మాత తీసినదగుటచే, అలవాటైన ప్రారంభదృశ్యమును గాని, అలవాటైన బాణీని గాని అందు వాడుటకు వీలులేకపోయెను. ఏండ్లు గడచిన తరువాత కొందరభిమానులు ఆ లోపమును పూరించి, కూర్పు మార్చి, తమ ప్రతులు తయారుచేసిరి. పూర్వము కత్తెర పడినచో ప్రతి చెడెడిది. ఇప్పుడు మూలము చెక్కుచెదరదు. ఇది గొప్ప సౌకర్యము. కాని నకలు ఎన్ని చేతులు మారినను అరుగదు. ఎవరిదో తెలియని సవరణ మూలమువలె చెలామణి యగును. ఇదియే ప్రమాదము.

మన పెద్దలు తాళపత్రముల కాలముననే ఈ ప్రమాదము నెరిగియుండిరి. పేరు చెప్పక పరుల గ్రంథమున జొనిపిన భాగమును ‘ప్రక్షిప్తము’ అనిరి. పేరు చెప్పి చేసిన పూరణము నాదరించిరి. దీనికి నిదర్శనము మన జనగామ సీమలోని బమ్మెర గ్రామమున కలదు. పోతన భాగవతమున కొన్ని భాగములు శిథిలమయ్యెనని ఐతిహ్యము. పంచమస్కంధము గంగన, షష్ఠస్కంధము ఏర్చూరి సింగన, ఏకాదశ ద్వాదశ స్కంధములు వెలిగందల నారయ రచించిరి. ఆ మహనీయులు పోతన పేరు చాటున దాగలేదు. తమతమ స్కంధముల చివర గద్యమున తమ పేర్లు చెప్పుకొనిరి. నారయ తాను పోతనకు ప్రియశిష్యుడనని కూడ చెప్పుకొనెను. కావుననే నేటికిని ఏది పోతన పలుకో, ఏది పూరకుల పలుకో పాఠకుడు విడదీయగలుగుచున్నాడు. నేను చెప్పిన తూనికరాయి ఇదియే: మూలమును నిలుపుము, నీ పేరు చెప్పుము.

ఈ రాతితో ఇటీవలి పనులను తూచి చూతము. 1957 నాటి ‘మాయాబజార్’ 2010లో రంగులతో వెలువడినది; కొన్ని పాటలు, పద్యము లందు లోపించినవి. అయినను రంగులు తరువాత వేసినవని యందరికి తెలియును. నలుపు తెలుపుల మూలము నిలిచియున్నది. 2013 నాటి ‘రాంఝణా’ అను హిందీ చిత్రపు తమిళప్రతిని 2025 ఆగస్టు 1వ తేదీన మరల విడుదల చేయుచు, కృత్రిమమేధ సాయముతో ముగింపును మార్చి, మరణించిన నాయకుని బ్రదికించిరి. దర్శకుడు ఆనంద్ ఎల్. రాయ్, నటుడు ధనుష్ దానిని బహిరంగముగ ఖండించిరి. 1957 నాటి మన గ్రంథస్వామ్యచట్టము చలనచిత్రమునకు నిర్మాతనే కర్తగ నెన్నుచున్నది. అట్లు చట్టము దర్శకుని ప్రక్కకు నెట్టినను, ధర్మము నెట్టజాలదు. హక్కుదారుని యనుమతి లేక అభిమానులు తమ కూర్పులను బహిరంగముగ పంచుటయు సాధారణముగ నేరమే యగును. హక్కు గలవాడు మూలమును మరుగుపరచుట మాత్రము హక్కు లేనివాడు వినోదమునకై కత్తిరించుకొనుటకంటె నెక్కువ కీడు.

పెద్దలారా! రేపు మీ మనుమడు చేతిఫోనులో ‘గూఢచారి 116’ చూపి, ఇదియే చిత్రమనవచ్చును. అందొక పాట లోపించియుండవచ్చును. ఒక ఘట్టము ముందు వెనుకలై యుండవచ్చును. ఆనాడు వెండితెరపై చూచినవారు మీరు. పక్కన కూర్చుండి చూడుడు. ఏది యున్నదో, ఏది లేదో చెప్పుడు. తాళపత్రములకు గద్యము సాక్ష్యమైనట్లు, ఈ చిత్రములకు మీ జ్ఞాపకము సాక్ష్యము.